మీ పని కోసం ఇచ్చిన ఆధార్ జిరాక్సు ఎంతవరకు వెళ్లొచ్చు? ప్రజాప్రతినిధులు, వ్యక్తిగత డేటా రక్షణపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసు ముందు పొద్దున్నే వచ్చి కూర్చునేవారి చేతుల్లో ఒక పాలిథిన్ కవరు తప్పకుండా ఉంటుంది. ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు, ఆస్పత్రి బిల్లులు, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ, ఇద్దరు ముగ్గురి ఫోన్ నంబర్లు రాసిన చీటీ. పని అవుతుందో లేదో గానీ, ఆ కాగితాలన్నీ ముందు పీఏ ఫోన్‌లోకి, అక్కడి నుంచి ఇంకెన్ని ఫోన్లలోకో చేరతాయి. ఎమ్మెల్యేలు, ఎంపీలు, కార్పొరేటర్లు, సర్పంచులు, వారి పీఏలు, వారి లేఖలు అందుకునే అధికారులు, వారి గడప తొక్కే మనలాంటివాళ్లు ఈ విషయంలో అడిగే ప్రశ్నలకు జవాబులివి.

అసలు ఏ చట్టం ఇది? అమల్లోకి వచ్చిందా?

పార్లమెంటు 2023 ఆగస్టులో ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. వాడుకలో డీపీడీపీ చట్టం అంటున్నారు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పే దీనికి పునాది. చట్టం వచ్చినా నిబంధనలు లేక రెండేళ్లకు పైగా కాగితం మీదే ఉండిపోయింది. 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి, అయితే విడతలవారీగా. డేటా రక్షణ బోర్డు ఏర్పాటు, సమాచార హక్కు చట్టానికి చేసిన సవరణ వెంటనే అమల్లోకి వచ్చాయి. సమ్మతి, భద్రత, తొలగింపు వంటి అసలు బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. అంటే 2027 మే.

ఇంకా టైముంది కదా అని ఊరుకోవడానికి లేదు. ఆధార్ నంబరును బహిరంగంగా ప్రచురించకూడదు, ప్రదర్శించకూడదు అని 2016 నాటి ఆధార్ చట్టం 29వ సెక్షన్ ఎప్పుడో చెప్పింది. అత్యాచార బాధితుల పేర్లు, హెచ్‌ఐవీ ఉన్నవారి వివరాలు బయటపెట్టకూడదన్న చట్టాలూ అంతే, ఏ గడువుతోనూ పనిలేకుండా ఈ రోజే అమల్లో ఉన్నాయి.

ప్రజాప్రతినిధులకు ఇందులో ప్రత్యేక మినహాయింపు ఏమైనా ఉందా?

లేదు. చట్టం మొత్తం చదివినా ఎమ్మెల్యే, ఎంపీ, కార్పొరేటర్ల కోసం విడిగా ఒక్క వాక్యం కనిపించదు. ఎవరి వివరాలను, ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించే ప్రతి వ్యక్తీ చట్టం దృష్టిలో డేటా ఫిడ్యూషియరీయే. కంపెనీ అయి ఉండాలన్న షరతేమీ లేదు. వచ్చిన దరఖాస్తును ఏ శాఖకు పంపాలో, ఏ జాబితాలో ఎక్కించాలో తేల్చేది ఎమ్మెల్యే, ఆయన ఆఫీసు. కాబట్టి ఆ బాధ్యత ఆయన మీదే పడుతుంది.

సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే వివరాలకు చట్టం వర్తించదు. అలాగని నియోజకవర్గం పనిని సొంత పని అనలేం. ఫోన్ ఎమ్మెల్యే గారి సొంతదే కావచ్చు, అందులో ఉన్న రెండు వేల ఆధార్ ఫొటోలు మాత్రం ఆయన ఇంటి అవసరానికి వచ్చినవి కావు.

మరి సాయం కోసం వచ్చిన ప్రతివారి దగ్గరా సమ్మతి పత్రం రాయించుకోవాలా?

అక్కర్లేదు. చాలామంది భయపడుతున్నది దీనికే గానీ, ఇక్కడ చట్టం మన పద్ధతులకు దగ్గరగానే ఉంది. ఒక మనిషి ఫలానా పని కోసమని తనంతట తానుగా తన వివరాలు ఇచ్చి, వద్దు అనకుండా ఉంటే, ఆ పని మేరకు వాడుకోవచ్చని 7వ సెక్షన్‌లోని మొదటి క్లాజు చెబుతుంది. చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది: అద్దె ఇల్లు చూసిపెట్టమని ఒకామె బ్రోకరుకు మెసేజ్ పెట్టి తన వివరాలు పంపుతుంది. బ్రోకరు ఇల్లు వెతకడానికి వాటిని వాడుకోవచ్చు. ఇక అక్కర్లేదు అని ఆమె చెప్పిన క్షణం ఆపేయాలి. ఇందులో బ్రోకరు బదులు ఎమ్మెల్యే ఆఫీసును పెట్టి చదవండి, సరిగ్గా సరిపోతుంది.

‘ఫలానా పని కోసం’ అన్నచోటే మెలిక ఉంది. పింఛను ఆగిపోయిందని వచ్చిన వృద్ధురాలి ఫోన్ నంబరు పింఛను పనికే. బహిరంగ సభకు జనాన్ని పిలవడానికి అదే నంబరు వాడితే 7వ సెక్షన్ మీకు అండగా నిలబడదు. అలా వాడాలంటే ముందే అడగాలి. ఎందుకు అడుగుతున్నారో తెలుగులో చదువుకునే వీలివ్వాలి (రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా నోటీసు చూసుకునే హక్కు చట్టంలో ఉంది). కాదంటే పింఛను పని ఆపకూడదు.

ముఖ్యమంత్రి సహాయ నిధి దరఖాస్తుల్లో ఎంతవరకు ఇవ్వాలి, ఎవరికి ఇవ్వాలి?

మన రాష్ట్రాల్లో ఎమ్మెల్యే ఆఫీసుకు వచ్చే పనుల్లో సీఎంఆర్‌ఎఫ్‌ది పెద్ద పీట. ఒక మనిషి జబ్బు, ఆదాయం, బ్యాంకు ఖాతా, ఆధార్ అన్నీ ఒకే కవరులో ఉండేదీ దీనికే. అందుకే కాస్త నిదానంగా చూద్దాం.

రోగి దరఖాస్తు తెస్తాడు. పీఏ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ చూసి, సిఫారసు లేఖ జతచేసి పైకి పంపుతాడు. ఇంతవరకు రోగి అడిగిన పనే, ఏ చిక్కూ లేదు. సచివాలయంలో ఆ ఫైలు చూసేవారికి వేరే ఆధారం ఉంది: సబ్సిడీలు, ప్రయోజనాలు, సేవలు, ధ్రువపత్రాలు ఇవ్వడానికి ప్రభుత్వం వివరాలు వాడుకోవడాన్ని అదే 7వ సెక్షన్ విడిగా అనుమతిస్తుంది. రోగి ఐసీయూలో ఉండి ఎల్‌ఓసీ (చికిత్స ఖర్చు ప్రభుత్వం భరిస్తుందని ఆస్పత్రికి ముందుగా ఇచ్చే లేఖ) కోసం పరిగెత్తాల్సి వస్తే ప్రాణాపాయ వైద్య అత్యవసరం అనే మరో క్లాజు ఉంది. అర్ధరాత్రి రోగి అన్నయ్య పంపిన రిపోర్టును నిమ్స్‌కు ఫార్వర్డ్ చేయడానికి ఎవరూ సెక్షన్లు తిరగేయక్కర్లేదు.

తేడా వచ్చేది మధ్యలో ఉండే మనుషుల దగ్గర. ఊరి నాయకుడు దరఖాస్తు ఫొటో తీసి మండల నాయకుడికి, ఆయన పీఏకి, పీఏ టైపింగ్ కోసం నెట్ సెంటర్‌కి. నెట్ సెంటర్ కంప్యూటర్ డెస్క్‌టాప్ మీద ‘సీఎంఆర్‌ఎఫ్ కొత్తవి’ అనే ఫోల్డరు, దాన్ని ఎవరైనా తెరవచ్చు. ఒక రోగికి ఏ క్యాన్సరో నలుగురు అపరిచితులకు తెలిసేది ఈ దారిలోనే. ఈ గొలుసులో ఎవరు పొరపాటు చేసినా జవాబు చెప్పాల్సింది ఎమ్మెల్యే ఆఫీసే. పని ఇంకొకరికి అప్పగించినా బాధ్యత పోదని 8వ సెక్షన్ చెబుతుంది, పైగా అప్పగించాలంటే చెల్లుబాటయ్యే ఒప్పందం ఉండాలి. నన్నడిగితే నెట్ సెంటర్‌ను వదిలేసి, ఆఫీసులోనే ఒక కంప్యూటరు, ఒక స్కానరు పెట్టుకోవడం నయం. దానికయ్యే ఖర్చు ఒక ఫ్లెక్సీల బిల్లును మించదు.

మేం కంప్యూటర్ వాడం, అంతా రిజిస్టరులోనే రాస్తాం. మాకు వర్తించదు కదా?

రిజిస్టరు రిజిస్టరుగానే ఉన్నంత కాలం ఈ చట్టం వర్తించదు. ఇది డిజిటల్ రూపంలో ఉన్న వివరాలకు, కాగితం మీద తీసుకుని తర్వాత డిజిటల్‌గా మార్చినవాటికి మాత్రమే. కానీ రిజిస్టరు పేజీని ఫోన్‌తో ఫొటో తీసిన మరుక్షణం చట్టం పరిధిలోకి వచ్చేస్తారు. ఆ ఫొటో తీయని ఆఫీసు ఉందంటే నమ్మడం కష్టం.

కాగితాన్ని చట్టం వదిలేసినంత మాత్రాన జనం వదలరు. 2023 డిసెంబరు చివర్లో, 2024 జనవరి మొదట్లో తెలంగాణలో తీసుకున్న ప్రజాపాలన దరఖాస్తులు కొన్ని హైదరాబాద్ బాలానగర్ ఫ్లైఓవర్ మీద చెల్లాచెదురుగా పడి ఉన్న వీడియోలు అప్పట్లో రాష్ట్రమంతా తిరిగాయి. జనాన్ని కలవరపెట్టింది వాటి మీదున్న పేర్లు, ఫోన్ నంబర్లే.

అమ్మ తరఫున కొడుకు వచ్చాడు. భార్య తరఫున భర్త వచ్చాడు. పని మొదలుపెట్టవచ్చా?

పద్దెనిమిదేళ్లలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులు, వైకల్యం ఉన్నవారి విషయంలో చట్టబద్ధ సంరక్షకులు మాట్లాడవచ్చని చట్టమే చెబుతుంది. మిగతా పెద్దవాళ్ల విషయంలో ‘ఇంట్లోవాళ్లు’ అన్న ప్రత్యేక హోదా ఏదీ లేదు. నడవలేని తల్లి పింఛను గురించి కొడుకు వచ్చినప్పుడు సాయం నిరాకరించమని కాదు. అమ్మగారితో ఒకసారి ఫోన్‌లో మాట్లాడండి, లేదా ఆమె వేలిముద్రతో నాలుగు ముక్కలు రాయించుకోండి.

భార్యాభర్తల దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. ‘మా ఆవిడ ఇప్పుడు ఎక్కడ ఉంటోందో కనుక్కోండి సార్, రేషన్ కార్డు మార్చాలి’ అని భర్త వస్తే, కార్డు పనికి ఆమె కొత్త అడ్రసు అవసరం లేదు. ఆమె ఎందుకు వెళ్లిపోయిందో మీకు తెలియదు. ఇలాంటి చోట మంచితనంతో చేసిన సాయం ఒకరి ప్రాణం మీదకు తేవచ్చు.

‘డేటా ప్రైవసీ’ అంటూ అధికారి సమాచారం ఇవ్వనంటున్నారు. ఇది సరైనదేనా?

సగం సరైనది. ఎమ్మెల్యే అడిగినంత మాత్రాన ఎవరి వైద్య రికార్డునో, ఎవరి బ్యాంకు వివరాలనో అధికారి ఇచ్చేయకూడదు. ఆ మనిషి నిజంగా సాయం కోరాడా అన్నది తెలియాలి. అది తెలిశాక కూడా ఇవ్వననడం ఎక్కువసార్లు పని తప్పించుకోవడమే.

సిఫారసు లేఖకు దరఖాస్తుదారు సంతకంతో ఒక్క వాక్యం జతచేస్తే గొడవ ఉండదు: ‘నా ఫలానా దరఖాస్తు ఏ దశలో ఉందో, అవసరమైన వివరాలతో సహా, మా ఎమ్మెల్యే గారి కార్యాలయానికి తెలియజేయడానికి అంగీకరిస్తున్నాను.’ కింద పేరు, తేదీ, దరఖాస్తు నంబరు. అప్పటికీ అధికారికి సందేహమైతే జవాబు నేరుగా దరఖాస్తుదారుకే పంపి, ‘పరిష్కరించాం’ అని మాత్రం ఎమ్మెల్యే ఆఫీసుకు చెప్పవచ్చు. కలెక్టరేట్లలో సోమవారం జరిగే ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లోని పీజీఆర్‌ఎస్ (ప్రజా సమస్యల పరిష్కార వేదిక)లలో ఇచ్చిన అర్జీలకు నంబరు ఉంటుంది కాబట్టి, ఆ నంబరు ఒక్కటే పంపితే చాలా పనులకు ఆధార్ ప్రస్తావనే రాదు.

పక్కింటివారి మీద, వీఆర్వో మీద, కాంట్రాక్టరు మీద ఫిర్యాదు వస్తే? వాళ్ల వివరాలు వాళ్లు ఇవ్వలేదు కదా.

ఇది చట్టం సరిగ్గా తేల్చని చోటు. తనంతట తానుగా ఇచ్చిన వివరాలు అనే ఆధారం ఫిర్యాదు చేసినవారికే సరిపోతుంది, ఫిర్యాదు ఎవరి మీదో వారికి కాదు. చట్టపరమైన హక్కును సాధించుకోవడానికి, నేరాన్ని నివారించడానికి, దర్యాప్తుకు అవసరమైన మేరకు 17వ సెక్షన్ చాలా బాధ్యతల నుంచి మినహాయిస్తుంది. భూమి కబ్జా, బెదిరింపులు, లంచం వంటివి ఆ గొడుగు కిందికి వస్తాయి. మిగతావాటికి నేను పాటించమనే పద్ధతి ఒకటే: ఫిర్యాదు ఎవరు తేల్చాలో ఆ ఒక్క అధికారికి పంపండి, అవసరమైనంతే రాయండి, కాపీలు పంచకండి. ‘పక్కింటాయన తాగుబోతు, రెండో పెళ్లి చేసుకున్నాడు’ అన్నది డ్రైనేజీ ఫిర్యాదులో అక్కర్లేదు, లేఖలో నుంచి కొట్టేయండి.

చెక్కులు పంపిణీ చేసిన ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టుకోవచ్చా?

ఈ ప్రశ్నకు జవాబు ఏ నాయకుడికీ రుచించదు. ఫొటోను ఒకసారి పెద్దది చేసి చూడండి. లబ్ధిదారు చెక్కును రెండు చేతులతో కెమెరా వైపు పట్టుకుని ఉంటారు. పేరు, మొత్తం, చెక్కు నంబరు స్పష్టంగా కనిపిస్తాయి. కింద పోస్టులో ఊరు, ఇంటి పేరు, ‘కిడ్నీ వ్యాధితో బాధపడుతున్న’ అన్న మాట. మూడు రోజుల తర్వాత ఆ ఇంటికి ఫోన్ వస్తుంది: ‘సీఎంఆర్‌ఎఫ్ నుంచి మాట్లాడుతున్నాం, మిగతా డబ్బు పడాలంటే ఓటీపీ చెప్పండి.’ మోసగాడికి కావాల్సిన సరుకంతా మనమే అచ్చువేసి ఇచ్చాం. (అలాంటి ఫోన్ వచ్చి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.)

చికిత్సకు డబ్బు అడగడం, ఫొటో ప్రచారానికి ఒప్పుకోవడం రెండూ వేర్వేరు. ఒప్పుకున్నారా లేదా అన్నది విడిగా అడగాలి. చెక్కు చేతికిచ్చే క్షణంలో, పక్కన కెమెరా పెట్టుకుని అడిగితే కాదనే ధైర్యం ఎవరికుంటుంది? చట్టం కోరేది ఏ ఒత్తిడీ, ఏ షరతూ లేని సమ్మతి. ముందురోజు ఫోన్‌లో అడగండి. ఒప్పుకున్నవారి ఫొటో తీసినా చెక్కు కనిపించకుండా, జబ్బు పేరు రాయకుండా పెట్టండి. ‘ఈ రోజు 42 మందికి చెక్కులు అందజేశాం’ అని రాసి వేదిక ఫొటో పెట్టినా వచ్చే పేరు ఎటూ వస్తుంది.

లైంగిక దాడికి గురైన అమ్మాయి కుటుంబాన్ని పరామర్శించాం. ఫొటోలు, ఊరు పేరు పెట్టవచ్చా?

వద్దు. బాధితురాలిని గుర్తుపట్టేలా చేసే ఏ వివరమైనా, అంటే తల్లి ముఖం, ఇంటి గేటు, బడి పేరు, పెట్టకూడదు. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్, పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ దీన్ని నేరంగా చూస్తాయి. పరామర్శకు వెళ్లేటప్పుడు కెమెరావాళ్లను ఊరి బయటే ఆపేయడం ఉత్తమం.

వార్డు వాట్సాప్ గ్రూపులో జనం తమ ఆధార్ ఫొటోలు వాళ్లే పెడుతున్నారు. అందులో మా తప్పేముంది?

గ్రూపు మీది, అడ్మిన్ మీ పీఏ, ‘వివరాలు ఇక్కడ పెట్టండి’ అని రాసింది మీరు. 250 మంది చూసే చోట ఆధార్ పెట్టమనడం భద్రమైన పద్ధతి కాదు. గ్రూపు ప్రకటనలకు ఉంచి, కాగితాలకు ఒక విడి నంబరు ఇవ్వండి. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్డ్ ఆధార్‌ను ఆధార్ వెబ్‌సైట్ నుంచి ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, సరిపోయే చోట అదే అడగండి. పొరపాటున ఎవరైనా గ్రూపులో పెడితే అడ్మిన్ డిలీట్ చేసి వారికి విడిగా చెప్పాలి.

తిరుమల దర్శనం సిఫారసు లేఖలకూ ఇదంతా వర్తిస్తుందా?

వర్తిస్తుంది. లేఖలో రాయించేవి భక్తుల పేర్లు, ఆధార్ నంబర్లే కదా. లెటర్‌హెడ్లు బయట తిరగడం, సిఫారసు లేఖలు అమ్ముకున్నారని తిరుమలలో కేసులు నమోదు కావడం కొత్త కాదు. ఎవరి పేరు మీద లేఖ వెళ్లిందో తేదీలవారీగా ఒక్కచోటే రాసి ఉంచుకుంటే అటు దుర్వినియోగం పట్టుబడుతుంది, ఇటు పాత ఆధార్ కాపీలన్నీ దాచాల్సిన పని ఉండదు. దర్శనం అయిపోయాక ఆ కాపీలతో మీకు పనేమిటి?

అర్జీలు ఇచ్చినవారి నంబర్లకు ఎన్నికల మెసేజ్‌లు పంపవచ్చా? ఓటరు జాబితా సంగతేమిటి?

అర్జీ నంబర్లకు పంపకూడదు, విడిగా ఒప్పుకుంటే తప్ప. ఆ జాబితాను పార్టీ ఆఫీసుకు ఇవ్వడం ఇంకా పెద్ద తప్పు. ఎమ్మెల్యే వేరు, పార్టీ వేరు. జనం వివరాలిచ్చింది తాము ఎన్నుకున్న మనిషికి, పార్టీ ఐటీ సెల్‌కు కాదు. ఆ మాటకొస్తే చాలా మంది వేరే పార్టీకి ఓటేసి కూడా ఆయన దగ్గరికే వస్తారు, వచ్చే హక్కు వారికుంది.

ఓటరు జాబితా చట్టప్రకారం ప్రచురించేది కాబట్టి అందులోని వివరాలు డీపీడీపీ పరిధిలోకి రావు. అయితే ప్రచురించే జాబితాలో ఫోన్ నంబరు ఉండదు, కులం ఉండదు, ఏ పథకం డబ్బు వస్తోందో ఉండదు. వాటిని ఎక్కడెక్కడి నుంచో తెచ్చి ఓటరు పేరు పక్కన అతికించిన ఎక్సెల్ ఫైలు ఇక ప్రచురిత జాబితా అనిపించుకోదు. 2019 ఎన్నికల ముందు ఒక పార్టీ యాప్ చుట్టూ హైదరాబాద్‌లో కేసులు, సిట్ దర్యాప్తు, రెండు రాష్ట్రాల పోలీసుల మధ్య వాదోపవాదాలు నడిచింది ఇలాంటి ఆరోపణ మీదే. అప్పటికి ఇలాంటి చట్టం లేదు.

నేను సర్పంచిని. నేను ప్రభుత్వమా, రాజకీయ నాయకుణ్నా?

రెండూ. రాజ్యాంగం 12వ అధికరణ ప్రకారం స్థానిక సంస్థలు ‘రాజ్యం’లో భాగం. పంచాయతీ తరఫున ఇంటి పన్ను, నల్లా కనెక్షన్, ధ్రువపత్రాల పనులు చేసేటప్పుడు ప్రభుత్వానికి ఉన్న ఆధారాలే పంచాయతీకీ ఉంటాయి. సాయంత్రం రచ్చబండ దగ్గర ఒకరు ‘మా అబ్బాయి సీటు సంగతి ఎంపీ గారికి చెప్పండి’ అని మార్కుల మెమో పంపితే, అది మీకు వ్యక్తిగతంగా అప్పగించిన పని. పంచాయతీ కంప్యూటర్లోని పన్నుల జాబితాను మీ ఎన్నికల ఫైలులోకి కాపీ చేసుకోకుండా ఉంటే చాలావరకు సమస్య రాదు. ఎమ్మెల్యేకు మాత్రం ఈ ప్రభుత్వ హోదా లేదు. శాసనసభ రాజ్యంలో భాగమే గానీ, విడిగా ఒక సభ్యుడు కాదు అని నా అభిప్రాయం.

లబ్ధిదారుల జాబితాను గ్రామసభలో చదవడం ఇక కుదరదా?

ఎందుకు కుదరదు? సబ్సిడీ పథకాల్లో ఎంత కేటాయించారు, లబ్ధిదారులు ఎవరు అన్నది ప్రభుత్వ సంస్థలు తమంతట తామే వెల్లడించాలని సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ఇప్పటికీ చెబుతోంది. ఉపాధి హామీ మస్టర్లను ఊరందరి ముందు చదివి వినిపించే సామాజిక తనిఖీకి 2006 నుంచి దేశానికి దారి చూపింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. పేరు, పథకం, మొత్తం చదవండి. ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు చదవక్కర్లేదు, గోడకు అంటించక్కర్లేదు.

కానీ ఒక నష్టం జరిగిన మాట నిజం. సమాచార హక్కు చట్టం 8(1)(జె) ఇదివరకు ప్రజా వ్యవహారాలతో సంబంధం లేని, లేదా అనవసరంగా గోప్యతను భంగపరిచే వ్యక్తిగత సమాచారానికే అడ్డు చెప్పేది. ‘పార్లమెంటుకు, శాసనసభకు నిరాకరించలేని సమాచారాన్ని ఏ వ్యక్తికీ నిరాకరించకూడదు’ అన్న అర్థంతో ఒక చక్కని వాక్యం కూడా ఉండేది. 2025 నవంబరు నుంచి ఆ షరతులు, ఆ వాక్యం పోయాయి. ‘వ్యక్తిగత సమాచారం’ అయితే చాలు, అధికారి కాదనవచ్చు. ప్రజా ప్రయోజనం ఎక్కువనిపిస్తే ఇవ్వవచ్చన్న 8(2) మిగిలింది, దరఖాస్తులో దాన్నే పట్టుకుని రాయండి. ఎమ్మెల్యే గోప్యత పేరు చెప్పి తన సొంత లెక్కలు దాచుకోవడానికి ఈ సవరణ పనికొచ్చేలా ఉందన్నది నా ప్రధాన అభ్యంతరం.

శాసనసభలో ఒకరి సమస్యను పేరుతో సహా ప్రస్తావిస్తే?

సభలో మాట్లాడినదానికి 194వ అధికరణ కింద, పార్లమెంటులో అయితే 105వ అధికరణ కింద రక్షణ ఉంది. అదే మాటను బయట ప్రెస్‌మీట్లో చెబితే ఆ రక్షణ రాదు. చెప్పే ముందు ఆ మనిషిని అడగడం మర్యాద.

గల్ఫ్‌లో చిక్కుకున్నవారి పాస్‌పోర్టు కాపీలు దుబాయ్‌కి పంపవచ్చా?

పంపవచ్చు. కేంద్రం ప్రత్యేకంగా నిషేధించిన దేశాలకు తప్ప వివరాలు పంపడానికి చట్టం అడ్డు చెప్పదు. జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల ఆఫీసులకు ఇది రోజూ ఉండే పనే. విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో నమోదు చేసి, ఆ నంబరుతో రాయబార కార్యాలయాన్ని అడగడం అన్నిటికన్నా భద్రం. పాస్‌పోర్టు ఫొటోను ‘దయచేసి షేర్ చేయండి’ అంటూ ఫేస్‌బుక్‌లో వదిలితే యజమాని కంట పడి కార్మికుడికే చిక్కు రావచ్చు. చనిపోయినవారి మృతదేహం తెప్పించే పనిలో కుటుంబ సభ్యుల సంతకం ఎలాగూ ఉంటుంది.

బ్రిటన్‌లో ఉండే మా అమ్మాయి అక్కడి ఎంపీకి వీసా సమస్య రాసింది. అక్కడి నియమాలు ఇలాగే ఉంటాయా?

అక్కడ స్పష్టత ఎక్కువ. 2018 నాటి డేటా రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఎన్నికైన ప్రతినిధుల కోసం విడి పేరాలే ఉన్నాయి. ఎవరైనా సాయం కోరితే వారి ఆరోగ్యం, మతం వంటి సున్నితమైన వివరాలను కూడా ఆ పనికి అవసరమైన మేరకు ప్రతినిధి వాడుకోవచ్చు. ఆ ప్రతినిధి అడిగితే శాఖలు ఇవ్వవచ్చు. ఒకరి తరఫున మరొకరు అడిగితే, ఆ మనిషిని అడిగే వీలు నిజంగా లేని కొన్ని సందర్భాల్లోనే సమ్మతి లేకుండా ముందుకెళ్లాలి. మన చట్టంలో లేనిది సరిగ్గా ఇదే. మన పార్లమెంటు ఆ రెండు పేరాల పాటి స్పష్టత ఇచ్చి ఉంటే పీఏలకు, తహసీల్దార్లకు సగం తలనొప్పి తగ్గేది.

పీఏ ఫోన్ పోయింది. ఇప్పుడేం చేయాలి?

అందులో అర్జీదారుల వివరాలుంటే అది డేటా ఉల్లంఘనే. బాధ్యతలు పూర్తిగా అమల్లోకి వచ్చాక, ఎవరి వివరాలు పోయాయో వారికి ఆలస్యం లేకుండా చెప్పాలి, డేటా రక్షణ బోర్డుకు వెంటనే తెలిపి 72 గంటల్లో పూర్తి నివేదిక ఇవ్వాలి. ఎవరి వివరాలున్నాయో తెలియకపోతే ఎవరికి చెబుతారు? అందుకే గ్యాలరీలో కాగితాలు పోగేసుకోకూడదు.

భద్రత పాటించకపోతే జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయలు, ఉల్లంఘన దాచిపెడితే 200 కోట్లు. ఇవి పై హద్దులు. తప్పు తీవ్రతను బట్టి బోర్డు నిర్ణయిస్తుంది కాబట్టి ఒక కార్పొరేటరుకు అంత పడుతుందని ఎవరూ అనుకోనక్కర్లేదు. వివరాలు పోయిన మనిషికి మాత్రం ఇందులో ఒక్క రూపాయి రాదు, జరిమానా అంతా కేంద్ర ఖజానాకే.

మా ఎమ్మెల్యే ఆఫీసులో నా వివరాలు ఏమున్నాయో తెలుసుకోవచ్చా? తీసేయమని అడగవచ్చా?

ఆ సెక్షన్లు అమల్లోకి వచ్చాక, అంటే 2027 మే నుంచి, రెండూ అడగవచ్చు. మీరుగా ఇచ్చిన వివరాలకు కూడా ఈ హక్కులున్నాయని 11, 12 సెక్షన్లు స్పష్టంగా చెబుతాయి. ఏమున్నాయి, ఎవరెవరికి ఇచ్చారు అని రాసి అడగండి. ఫిర్యాదుకు 90 రోజుల్లోపు జవాబివ్వాలి. తృప్తి లేకపోతే బోర్డుకు వెళ్లవచ్చు. ఒకటి గుర్తుంచుకోండి: అబద్ధపు ఫిర్యాదు చేస్తే మీకే పదివేల రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

ఎన్నికల్లో ఓడిపోయాను. నా దగ్గరున్న అర్జీల ఫైళ్లు కొత్త ఎమ్మెల్యేకు ఇవ్వాలా?

నేరుగా ఇవ్వకండి. జనం వివరాలిచ్చింది మీకు, కుర్చీకి కాదు. కొందరు కొత్తాయనకు వ్యతిరేకంగానే మీ దగ్గరికి వచ్చి ఉండవచ్చు. పెండింగ్‌లో ఉన్నవారికి ఫోన్ చేయించి, ‘ఫైలు అటు పంపమంటారా, మీకే తిరిగి ఇవ్వమంటారా’ అని అడిగించండి. ఎక్కువ మంది వచ్చి తీసుకుపోతారు. పూర్తయిన పనుల వివరాలను కనీసం ఏడాది ఉంచాలని 2025 నిబంధనలు చెబుతున్నాయి, ఆ తర్వాత అవసరం లేనివి తీసేయాలి. కాగితాలను పాత పేపర్లవాడికి కిలోల లెక్కన వేయకుండా చింపించండి. మీతో పనిచేసిన పీఏ వేరే నాయకుడి దగ్గర చేరుతుంటే, వెళ్లేలోపు ఫోన్‌లోని అర్జీలు, కాంటాక్టులు మీ ఎదుటే తీసేయించండి, వాట్సాప్ బ్యాకప్‌తో సహా.